గ్రామములే పునాదిగా లేచిన రాజ్యము: ఏథెన్సు పుట్టుక, పరిపాలన

ప్రజాప్రభుత్వమునకు ఇంగ్లీషు భాషలో డెమోక్రసీ అని పేరు. ఈ మాట గ్రీకు భాషనుండి వచ్చినది. అందలి తొలిభాగమైన 'డీమోస్' అను పదమునకు గ్రీకులలో రెండర్థములు వాడుకలో నుండెను. ప్రజలు అనునది ఒక అర్థము; ఊరు, గ్రామము అనునది మరియొక అర్థము. ప్రజలకును గ్రామమునకును ఒకే మాట వాడిన ఆ జాతివారిలో, ప్రజాప్రభుత్వమును చాలకాలము నడపి చూపినవారు ఏథెన్సు నగరరాజ్యమువారు.

ఏథెన్సు అనగానే పాలరాతి దేవాలయములు, సోక్రటీసు త్రాగిన విషపాత్ర, పెరిక్లీసు ఉపన్యాసములు మనకు స్ఫురించును. ఇవన్నియు నగరమునకు సంబంధించిన సంగతులు. కాని ఆ నగరమునకు వెనుక 139 ఊళ్లు కలవు. ఎవడు పౌరుడో, ఎవడు కాడో మొదట నిర్ణయించినది ఊరి సభ. రాజ్యమునంతను నడపిన పెద్దసభకు సభ్యులను పంపినది ఊరు. ఊరి సభలో అన్యాయము జరిగినచో ఒక మనుష్యుడు తన దేశమునే పోగొట్టుకొనవలసి వచ్చెడిది. పంచాయతీలలో కూర్చుండి ఊరి పనులు చక్కబెట్టుచున్న పాఠకులకు ఈ చరిత్ర కేవలము దూరదేశపు కథగా తోపదని మా నమ్మకము.

నేల, నగరము

గ్రీసు దేశపు తూర్పువైపున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ముక్కోణపు భూభాగమునకు ఆటికా అని పేరు. దాని విస్తీర్ణము సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు. నేడు మన చిన్నజిల్లా యొకటి అంత యుండును. అక్కడి నేల పలుచన, రాళ్లు మెండు, వానలు తక్కువ. గోధుమకంటె యవలు మేలుగా పండును. రాతినేలను ఓర్చుకొని బ్రదుకు ఆలివ్ చెట్లును, ద్రాక్షతోటలును రైతుకు ఆధారములు. దక్షిణపు కొసను లారియం కొండలలో వెండిగనులు కలవు. మైదానము నడుమ అక్రోపొలిస్ అను బండకొండ నిలిచియున్నది. క్రీ. పూ. 13వ శతాబ్దము నాటికే ఆ కొండమీద పెద్ద రాళ్లతో కోటగోడ కట్టిరి. ఆ కొండ నీడను పెరిగిన ఊరే ఏథెన్సు.

ఊరికి ఆ పేరు వచ్చుటను గూర్చి గ్రీకులు ఒక కథ చెప్పుకొనెడివారు. అథీనాదేవియు, సముద్రదేవుడైన పొసైడనును ఆ నేలకై పోటీపడిరట. సముద్రదేవుడు కొండపై త్రిశూలముతో పొడిచి ఉప్పునీటి ఊటను పుట్టించెను. దేవి ఆలివ్ మొక్కను మొలపించెను. చెట్టే మేలని తీర్పు రాగా ఊరికి ఆమె పేరే నిలిచినది.

పూర్వము ఆటికాలోని ఒక్కొక్క ఊరికిని వేరువేరుగా సభామందిరమును, అధికారులును ఉండెడివారనియు, ఆపద వచ్చినప్పుడు తప్ప ఏథెన్సు రాజును ఆశ్రయించెడివారు కారనియు చరిత్రకారుడు థూసిడిడీసు వ్రాసెను. థీసియస్ అను రాజు ఆ సభలన్నిటిని రద్దుచేసి, అందరికి ఏథెన్సున ఒకే సభ నేర్పరచెనట. థీసియస్ పురాణపురుషుడు, ఊళ్లు కలియుట ఒక్కనాడు జరిగిన పనియు కాదు. అయినను ఇందొక ముఖ్యవిషయము కలదు. కలసినవారు తమ ఊళ్లు విడిచి నగరమునకు రాలేదు. ఎవరి పొలమున వారుండియే ఒక రాజ్యమునకు చెందినవారైరి. ఈ కలయికను తలచుకొనుచు వారు ఏటేట ఒక పండుగ చేసికొనెడివారు.

అప్పుల బరువు

మొదట రాజులు ఏలిరి. తరువాత రాచరికము సన్నగిల్లి, అధికారము గొప్ప వంశములవారి చేతిలో పడినది. క్రీ. పూ. 683 ప్రాంతమునుండి ఏటికొకసారి మారు అధికారులు పాలించిరని సంప్రదాయము. వీరికి ఆర్కనులని పేరు. వీరు తొమ్మండుగురు. పదవి ముగిసిన ఆర్కనులు అరియోపాగస్ అను పెద్దల సభలో జీవితాంతము సభ్యులుగా నుండెడివారు. శాసనములు వ్రాతలో లేకుండెను. పెద్దలు చెప్పినదే న్యాయము.

క్రీ. పూ. 621 ప్రాంతమున డ్రాకో అనునతడు శాసనములను వ్రాతలో పెట్టెను. అవి మిక్కిలి కఠినములు. కూరగాయలు దొంగిలించినవానికి కూడ మరణశిక్షయే యని ప్లూటార్కు వ్రాసెను. వ్రాత వచ్చినది గాని పేదరైతుకు ఊరట రాలేదు. ధనికుల భూములను ఆరవవంతు లెక్కపై సాగుచేయువారు కొందరు. అప్పునకు తమ దేహమునే పూచీ పెట్టినవారు కొందరు. అప్పు తీరనిచో ఋణదాత ఆ రైతును, అతని భార్యాబిడ్డలను బానిసలుగా పట్టుకొనెడివాడు, పరదేశములకు అమ్మివేసెడివాడు. బాకీపడిన పొలములలో రాళ్లు పాతియుండెను. ఆ రాళ్లే ఆనాటి తనఖాపత్రములు.

తిరుగుబాటు తప్పదనిపించినప్పుడు ఇరుపక్షములవారును కలసి సోలను అను పెద్దమనిషిని క్రీ. పూ. 594లో ఆర్కనుగా నియమించి, తగవు తీర్పుమని కోరిరి. అతడు చేసిన మొదటి పనిని గ్రీకులు 'బరువు దింపుట' యనిరి. ఉన్న అప్పులను రద్దుచేసెను. పొలములలోని రాళ్లను పెరికించెను. పరదేశములకు అమ్ముడుపోయినవారిలో కొందరిని విడిపించి తెప్పించెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఇకమీదట మనుష్యుని దేహమును పూచీగా నుంచుకొని అప్పిచ్చుట కూడదని శాసించెను. భూములను సమముగా పంచవలెనని పేదలు కోరిరి. అది అతడు చేయలేదు. అందుచే ధనికులకును కోపమే, పేదలకును కోపమే.

పౌరులను అతడు పంటను బట్టి నాలుగు తరగతులుగా విభజించెను. 500 కొలతల పంట కలవారు మొదటి తరగతి. 300 కలవారు రెండవది. 200 కలవారు మూడవది. అంతకు తక్కువవారు, కూలివారు నాలుగవది. పెద్దపదవులు పైతరగతులకే దక్కినవి. అయినను అధికారమునకు పుట్టుక గాక సంపద కొలబద్ద యగుట ఆనాటికి పెద్ద మార్పే. కూలివానికి ప్రజల సభలోను, న్యాయసభలోను చోటు దొరికినది. అన్యాయమునకు గురియైనవాని పక్షమున ఏ పౌరుడైనను ఫిర్యాదు చేయవచ్చునను నియమము కూడ సోలను పెట్టినదే. బలహీనుడు తానే వచ్చి మొరపెట్టుకొననక్కరలేదు, పొరుగువాడు మాట్లాడవచ్చును.

నియంత కాలము

సోలను శాసనములు చేసి దేశాంతరము వెళ్లెను. కొలది కాలమునకే ముఠాలు మరల తలయెత్తినవి. తీరమువారు, మైదానమువారు, కొండప్రాంతమువారు అని మూడు పక్షములు. వారిలో కొండప్రాంతపు పేదల అండతో పిసిస్ట్రాటసు అనునతడు బలవంతముగా అధికారమును కైవసము చేసికొనెను. రెండు పర్యాయములు వెళ్లగొట్టబడియు, మరల వచ్చి క్రీ. పూ. 546నుండి మరణించువరకు ఏలెను. ఇతడు నియంతయే గాని రైతులకు అప్పులిచ్చెను. ఊరూర తిరిగి తగవులు తీర్చుటకు న్యాయాధికారులను నియమించెను.

ఇతనిని గూర్చి అరిస్టాటిలు పేర వెలసిన ఏథెన్సు పరిపాలన గ్రంథమున ఒక ముచ్చట కలదు. హైమెట్టస్ కొండవాలున ఒక ముసలి రైతు రాళ్లలో త్రవ్వుచుండగా పిసిస్ట్రాటసు చూచి, ఈ నేలలో ఏమి పండునని మనిషినంపి అడిగించెనట. నొప్పులును, బాధలును పండును. వానిలో కూడ పదవవంతు దొరగారు పన్నుగా తీసికొనవలసినదే యని రైతు బదులు చెప్పెను. అడిగించినవాడెవడో అతనికి తెలియదు. ఆ మాటకు మెచ్చి నియంత అతని పన్ను మాఫీ చేసెనట.

ముచ్చట బాగుగనే యున్నది. కాని మనము ఒకమాట ఆలోచింపవలెను. ఆ రైతుకు పన్ను తగ్గినది దొర మెచ్చుటచేత, హక్కుచేత కాదు. దొర మారిన యెడల? తండ్రి తరువాత వచ్చిన హిప్పియస్ కాలమున ఆ భయమే నిజమైనది. అతని సోదరుడు క్రీ. పూ. 514లో హత్యకు గురికాగా, హిప్పియస్ క్రూరుడై ప్రజలను పీడించెను. క్రీ. పూ. 510లో స్పార్టా సైన్యపు సహాయముతో అతనిని వెళ్లగొట్టిరి.

క్లైస్తనీసు ఏర్పాటు

నియంత పోగానే గొప్పవంశములవారి పోరు తిరిగి మొదలైనది. ఒక పక్షపు నాయకుడు ఇసాగొరస్; రెండవవాడు క్లైస్తనీసు. ఓడిపోవుచున్న క్లైస్తనీసు సామాన్యప్రజల వైపు తిరిగెను. ఇసాగొరస్ స్పార్టా రాజును సైన్యముతో రప్పించెను. వారు 700 కుటుంబములను దేశమునుండి తరిమి, సభను రద్దుచేయబోయిరి. సభవారు లొంగలేదు. ప్రజలు లేచి అక్రోపొలిస్‌ను రెండుదినములు ముట్టడించిరి. మూడవనాడు స్పార్టావారు సంధిచేసికొని దేశము విడిచిరి. ఇది జరిగినది క్రీ. పూ. 508 ప్రాంతమున.

తిరిగివచ్చిన క్లైస్తనీసు చేసిన ఏర్పాటు మిక్కిలి తెలివైనది. అంతవరకు పౌరులు వంశములను బట్టి నాలుగు తెగలుగా నుండిరి. తెగలపై పెత్తనము పెద్ద కుటుంబములది. అతడు పది క్రొత్త తెగల నేర్పరచెను. ఒక్కొక్క తెగలోను మూడేసి భాగములు: నగరప్రాంతమునుండి ఒకటి, తీరమునుండి ఒకటి, లోపలి భూములనుండి ఒకటి. బెస్తవాడును, కాపును, నగరపు పనివాడును ఒకే తెగలో పక్కపక్కన నిలిచి ఓటు వేయవలెను. ఒకే దళములో యుద్ధము చేయవలెను. ప్రాంతమునకు ప్రాంతమును ఎగదోయు ముఠాలకు ఈ విధముగా పట్టు తప్పినది.

ఈ ఏర్పాటునకు అడుగురాయి డీము, అనగా ఊరు. ఆటికాయందు ఇట్టివి 139. పౌరుడు తనను ఫలానివాని కొడుకునని మాత్రమే గాక, ఫలాని ఊరివాడనని చెప్పుకొనవలెను. మన ఇంటిపేర్లలో అనేకము ఊరిపేర్ల నుండి వచ్చినట్లే వారికిని ఊరు పేరులో భాగమైనది. తరువాత నగరమునకు పోయి స్థిరపడినను అతని సంతతి ఆ ఊరి పట్టీలోనే నిలిచెడిది.

ఊరి సభ

ప్రతి డీమునకు ఒక సభయు, డీమార్కు అను ఊరి పెద్దయు ఉండిరి. ఆ పెద్దపదవి ఒక్క సంవత్సరమే. గుడిభూములు, ఊరి భూములు కౌలుకిచ్చుట, బాకీలు వసూలుచేయుట, ఊరి పూజలు జరిపించుట, పౌరుల పట్టీని భద్రపరచుట అతని పనులు. సంవత్సరాంతమున లెక్కలు చెప్పవలెను.

ఊరి తీర్మానములను రాతిపై చెక్కించి నలుగురు చూచు చోట నిలిపెడివారు. అట్టి రాళ్లు నేటికిని దొరకుచున్నవి. ఏక్సోనీ అను ఊరివారు తమ భూమి నొకదానిని తండ్రీకొడుకులకు 40 సంవత్సరములకు కౌలుకిచ్చిన ఒప్పందము అందొకటి. కౌలు ఏటికి 152 ద్రాక్మాలు. శత్రువులు వచ్చి పంట పాడుచేసినచో కౌలునకు బదులుగా పండినదానిలో సగము ఊరికి చెందవలెనని అందు వ్రాసియున్నది. కౌలుదారు నష్టము, ఊరి ఆదాయము రెండును ఆలోచించి వ్రాసిన షరతు అది.

పిల్లవానికి పదునెనిమిదేండ్లు నిండినప్పుడు ఊరి సభ ప్రమాణముచేసి ఓటు వేయవలెను. వయస్సు నిండినదా? స్వతంత్రుడేనా? చట్టప్రకారము పుట్టినవాడేనా? ఈ ప్రశ్నలకు ఔనన్నచో అతని పేరు పట్టీలో నెక్కును. కాదన్నచో అతడు నగరపు న్యాయసభకు పోవచ్చును. అక్కడ ఓడినవానిని బానిసగా అమ్మివేసెడివారు. పట్టీలో ఒక పేరుకు అంత విలువ యుండెను.

చీకటిపడిన తరువాత జరిగిన ఓటు

క్రీ. పూ. 346 ప్రాంతమున పౌరుల పట్టీలలో దొంగపేర్లు చేరినవని అనుమానము కలిగి, అన్ని ఊళ్లును తమ పట్టీలను పేరుపేరునను పరిశీలించి ఓటు వేయవలెనని ఏథెన్సు సభ ఆజ్ఞాపించెను. నగరమునకు సుమారు ఆరున్నర కిలోమీటర్ల దూరమున తీరమునందున్న హాలిమస్ అను చిన్న ఊరిలో యూక్సిథియస్ అనునతని పేరు కొట్టివేయబడినది. అతడు న్యాయసభకు పోయెను. డెమాస్తనీసు వ్రాసియిచ్చిన అతని వాదము నేటికిని నిలిచియున్నది.

అతడు చెప్పినది ఇది. యూబులిడీసు అనునతడు ఊరివారిని నగరమున సమావేశపరచెను. 73 మంది ప్రమాణము చేసిరి. యూబులిడీసు ఉపన్యాసములతోను, తీర్మానములతోను పగలంతయు గడపెను. ఆనాడు పిలిచిన పేర్లలో కట్టకడపటిది యూక్సిథియస్‌ది. అప్పటికి చీకటిపడినది. ముసలివారు ఊరిదారి పట్టిరి. మిగిలినవారు ముప్పదిమందికి మించరు. మరునాటికి వాయిదా వేయుమని బ్రతిమాలినను వినలేదు. ఓటు బిళ్లలను తన వారికి రెండేసి, మూడేసి చొప్పున ఇచ్చెను. ఉన్నవారు ముప్పదిమంది, లెక్కకు వచ్చిన ఓట్లు అరువదికి పైగా!

పగ యెందుకు కలిగినది? తాను పూర్వము ఊరి పెద్దగా నున్నప్పుడు గుడిభూముల కౌలు బాకీలను నిర్మొగమాటముగా వసూలు చేసితిననియు, బాకీదారులు తనపై కక్షకట్టిరనియు అతడు చెప్పుకొనెను. యూబులిడీసుకు ప్రతికూలముగా ఒక వ్యాజ్యములో సాక్ష్యము చెప్పుటయు మరియొక కారణము. అతని తల్లి సంతలో నాడాలు అమ్మినదనియు, పరుల బిడ్డకు పాలిచ్చినదనియు ప్రతిపక్షులు ఆక్షేపించిరి. పేదరికమువలన చేసిన పని పుట్టుకకు మచ్చ కాదని అతడు బదులు చెప్పెను.

ఇది ఒక పక్షపు మాటయే. తీర్పు గ్రంథములలో నిలువలేదు. అయినను ఊరి సభ ఎట్లు నడవవలెనో, ఎట్లు నడవకూడదో ఈ ఒక్క వాదమున ఉన్నంత స్పష్టముగా పెద్ద శాస్త్రగ్రంథములలో కూడ దొరకదు.

ఐదువందలవారి సభ, ప్రజల సభ

ఊళ్లనుండి ఏటేట 500 మంది సభ్యులు నగరమునకు పోయెడివారు. తెగకు 50 మంది. జనసంఖ్యను బట్టి ఊరి వాటా. బొగ్గు కాల్చుటకు పేరుపడిన అకార్నీ పెద్ద ఊరు. దానికి 22 స్థానములు. చిన్న ఊళ్లకు ఒక్కటే. ముప్పదేండ్లు నిండినవారిలో చీటీ వేసి సభ్యులను ఎంచెడివారు. ఒకడు జీవితమున రెండు పర్యాయములకు మించి ఈ సభలో కూర్చుండరాదు.

సంవత్సరమును పది భాగములు చేసి, ఒక్కొక్క భాగమున ఒక్కొక్క తెగవారి 50 మందియు దైనందిన కార్యములు చూచెడివారు. వారిలో ప్రతిదినమును ఒకనికి చీటీ తగిలెడిది. ఆ ఒక్క పగలు, ఒక్క రాత్రి రాజ్యపు ముద్రయు, ధనాగారముల తాళపుచెవులును అతని వద్ద నుండవలెను. ఈ గౌరవము జీవితమున ఒక్కసారియే. నిన్న మేకలు కాచినవాడు నేడు రాజ్యపు తాళపుచెవులు పట్టుకొని, ఎల్లుండి మరల మేకలవద్దకు పోవచ్చును.

ఈ సభ కార్యక్రమమును సిద్ధముచేయును. నిర్ణయము ప్రజల సభది. ప్రజల సభ నిక్స్ అను గుట్టపై ఆరుబయట జరిగెడిది. క్రీ. పూ. 4వ శతాబ్దమున ఏటికి 40 సమావేశములు. కొన్ని ముఖ్యవిషయములకు 6,000 మంది కోరము అవసరము. ఎవరు మాట్లాడుదురని చాటింపువాడు పిలువగా ఏ పౌరుడైనను లేచి మాట్లాడవచ్చును. చేతులెత్తి ఓటు వేసెడివారు. సంతలో కబుర్లు చెప్పుకొనుచు నిలిచినవారిని ఎఱ్ఱరంగు పూసిన త్రాటితో సభవైపు తరిమెడివారని నాటకకర్త అరిస్టొఫనీసు పరిహాసము చేసెను. హాజరు తగ్గుట ఆనాటినుండి ఉన్న సమస్యయే! పేదవాడు కూలి పోగొట్టుకొని సభకు రాలేడు గనుక న్యాయసభ్యులకు పెరిక్లీసు కాలమునను, ప్రజల సభకు వచ్చువారికి క్రీ. పూ. 4వ శతాబ్దారంభమునను భత్యము నేర్పరచిరి.

చీటీయు, లెక్కయు

సేనానాయకులను, ఇట్టి ప్రత్యేకమైన నేర్పు కావలసిన మరి కొందరిని చేతులెత్తి ఎన్నుకొనెడివారు. పెరిక్లీసు వరుసగా పదునైదు సంవత్సరములు సేనానాయకుడుగా ఎన్నికైనది ఈ విధముననే. తక్కిన పదవులలో చాలవరకు చీటీ వేసి నింపెడివారు. డబ్బుకు, వంశమునకు, వాక్చాతుర్యమునకు చీటీ లొంగదని వారి తలంపు. మన దక్షిణదేశమున కూడ క్రీ. శ. 10వ శతాబ్దమున ఉత్తరమేరూరు గ్రామసభ చీట్లను కుండలో వేసి సభ్యులను తీసినట్లు శాసనములు చెప్పుచున్నవి.

చీటీ తగిలినంతమాత్రమున పదవి దక్కదు. ముందుగా పరీక్ష జరుగును. తల్లిదండ్రులను చక్కగా చూచుకొనుచున్నావా? పన్ను కట్టితివా? యుద్ధమునకు పోయితివా? అని అడిగెడివారు. పదవి ముగిసిన పిమ్మట ముప్పది దినములలో లెక్కలు ఒప్పగింపవలెను. పదిమంది తనిఖీదారులు పరిశీలించి న్యాయసభ ముందుంచెడివారు. ఆ తరువాత మూడు దినములు సంతస్థలమున అధికారులు కూర్చుండి యుండగా, ఏ పౌరుడైనను వచ్చి వ్రాతమూలమున ఫిర్యాదు చేయవచ్చును. లెక్క తేలువరకు ఆ మాజీ అధికారి దేశము విడువరాదు, ఆస్తి నమ్మరాదు. పెరిక్లీసంతటివాడు క్రీ. పూ. 430లో పదవి పోగొట్టుకొని జరిమానా చెల్లింపవలసి వచ్చినది.

మితిమీరిన నాయకుని పదేండ్లు దేశమునుండి పంపివేయుటకు మరియొక పద్ధతి కలదు. కుండపెంకులపై పేరు వ్రాసి వేసెడివారు. 6,000 పెంకులు పడవలెను. ఆస్తి పోదు, పదేండ్ల తరువాత తిరిగి రావచ్చును. ఇందును మోసము లేకపోలేదు. థెమిస్టోక్లీసు పేరు వ్రాసిన సుమారు 190 పెంకులు అక్రోపొలిస్ ఉత్తరపువాలున ఒక బావిలో దొరకినవి. చేవ్రాత పరిశీలింపగా పదునాలుగుగురు మాత్రమే వానినన్నిటిని వ్రాసినట్లు తేలినది. ఎవరో ముందుగనే వ్రాయించి పంచుటకు సిద్ధపరచిరన్నమాట.

వెండి దొరకిన సంవత్సరము

క్రీ. పూ. 483లో లారియం గనులలో గొప్ప వెండిపొర బయటపడినది. పౌరునికి పదేసి ద్రాక్మాల చొప్పున పంచుదమని సభలో ప్రతిపాదన వచ్చెను. పనివానికి అనేకదినముల కూలి అది. థెమిస్టోక్లీసు లేచి, ఆ ధనముతో ఓడలు కట్టుదమనెను. ఇంటికి వచ్చు డబ్బును కాదని సభ ఓడలకే ఓటు వేసెను. 200 ఓడలకని హెరొడోటసు వ్రాసెను. మూడేండ్లకే పారసీక చక్రవర్తి దండెత్తి వచ్చి ఏథెన్సును తగులబెట్టెను. సలామిస్ జలసంధిలో ఆ ఓడలే దేశమును నిలిపినవి. ఆ ఓడల తెడ్లు వేసినవారిలో అనేకులు నాలుగవ తరగతి పేదపౌరులు. సభలో వారి మాటకు బరువు పెరిగినది కూడ అప్పటినుండియే.

పట్టీలో లేనివారు

ఇంతవరకు చెప్పినదంతయు పట్టీలో పేరున్న పురుషులను గూర్చియే. స్త్రీకి సభలో చోటు లేదు, ఓటు లేదు. తరతరములుగా ఏథెన్సున వ్యాపారము చేసికొనుచున్న పరదేశీయులు పన్ను కట్టవలెను, యుద్ధమునకు పోవలెను. పౌరులు మాత్రము కారు. క్రీ. పూ. 451లో తల్లియు తండ్రియు ఇరువురును ఏథెన్సువారైననే బిడ్డ పౌరుడగునని శాసించిరి. వీరందరికి అడుగున వేలకొలది బానిసలు. ఓడలు కట్టించిన ఆ వెండిని చీకటిగనులలో త్రవ్వినది వారే.

పట్టీలో నున్నవారును ఎల్లప్పుడు వివేకముగా నడవలేదు. క్రీ. పూ. 427లో తిరుగుబాటు చేసిన మిటిలీనీ నగరపు పురుషులనందరిని చంపవలెనని సభ కోపముతో ఓటువేసి ఓడను పంపెను. మరునాడు పశ్చాత్తాపపడి మరల సభచేసి ఆ ఆజ్ఞను రద్దుచేసిరి. రెండవ ఓడవారు తెడ్లు వేయుచునే తినుచు, వంతులవారీగా నిద్రించుచు పోయి, ఆజ్ఞ అమలుకాబోవు సమయమునకు చేరిరి. క్రీ. పూ. 406లో తుపానులో మునిగినవారిని రక్షింపలేదని సేనానాయకులను ఒక్కటిగా విచారించి మరణశిక్ష వేసిరి. వేర్వేరుగా విచారింపక ఒక్క ఓటుతో శిక్షించుట చట్టవిరుద్ధమని ఆనాడు కార్యనిర్వాహకులలో నొకడై యుండి ఎదిరించినవాడు సోక్రటీసు. క్రీ. పూ. 399లో ఆ సోక్రటీసునకే న్యాయసభ మరణదండన విధించెను.

క్రీ. పూ. 411లోను, 404లోను కొద్దిమంది ధనికులు ప్రభుత్వమును కాజేసిరి. రెండవసారి ఏలిన ముప్పదిమంది సుమారు 1,500 మందిని చంపించిరి. క్రీ. పూ. 403లో ప్రజలు గెలిచి తిరిగివచ్చినప్పుడు, కొలదిమంది ముఖ్యులను తప్ప తక్కినవారిపై పగతీర్చుకొనరాదని ప్రమాణము చేసిరి. ప్రజాప్రభుత్వము మరల నిలిచినది. క్రీ. పూ. 322లో మాసిడోనియా చేతిలో ఓడిన పిమ్మట, 2,000 ద్రాక్మాల ఆస్తి లేనివారికి ఓటు లేదని విజేతలు శాసించిరి. సోలను సభకు తెచ్చిన కూలివానిని విజేతలు మరల గడప బయట నిలిపిరి.

ముగింపు

మన రాజ్యాంగమున 73వ సవరణ 1993లో అమలులోనికి వచ్చి గ్రామసభకు స్థానము కల్పించినది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. కులమును బట్టి, ఆస్తిని బట్టి ఓటు నిరాకరింపబడదు. ఏథెన్సువారు ఊహింపని ద్వారములు మనకు తెరచియున్నవి. కాని వారు పట్టుదలతో పాటించిన కొన్ని అలవాట్లు మనకింకను నేర్చుకొనదగినవే: లెక్కలను నలుగురు చూచుచోట నుంచుట, పదవి దిగినవానిని అడుగు హక్కు ప్రతివానికి నుండుట, తొందరలో చేసిన తీర్మానమును మరునాడు మరల చూచుకొనుటకు సిగ్గుపడకుండుట.

హాలిమస్ ఊరివారి కథను మరల ఒకసారి తలచుకొందము. ఉదయము ప్రమాణము చేసినవారు 73 మంది. చీకటిపడునప్పటికి మిగిలినవారు ముప్పది. యూక్సిథియస్ చెప్పినది నిజమైనచో, అతని కీడునకు దొంగబిళ్లలెంత కారణమో, ముందుగా ఇంటిదారి పట్టిన ఆ నలువదిమంది మంచివారును అంతే కారణము. వారు మరి కొంతసేపు కూర్చుండి బిళ్లలు లెక్కపెట్టియుండినచో చాలెడిది.